చావు తర్వాతి షాట్

ధరణి మేస్త్రి చచ్చిపోతోంది.

అంతరిక్ష నౌక అడుగు అంతస్తులో, శీతల గది తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పైపు పగిలింది. అలారం మోగలేదు. తెల్లటి గ్యాస్ నేల మీద పాకుతూ మోకాళ్ళ దాకా వచ్చింది. తలుపు అవతల నౌకలోని పిల్లలంతా నిద్రపోతున్నారు. తలుపు తీస్తే ఆమె బతుకుతుంది, గ్యాస్ పిల్లల మీదికి పోతుంది. ఆమె తీయలేదు. చేతిలోని పానాని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను నిమిరినట్టు నిమురుతూ, "పడుకోండర్రా, పడుకోండి. ఇంకా తెల్లారలేదు" అంది. నిమిరే చెయ్యి ఆగిపోయింది.

గోడ అవతల, పక్క హాల్లో, కుర్చీల్లో కూర్చుని తెర మీద ఈ దృశ్యం చూస్తున్న మనుషులు ఊపిరాడక గిలగిల్లాడారు. ఒక్కొక్కరి చెవి వెనక వేలెడు పొడవున పట్టీ అంటించి ఉంది. ఒక ఆటో డ్రైవర్ రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన లేచి నిలబడి, "తలుపు తియ్యండయ్యా ఎవరైనా!" అని కేక పెట్టాడు. ఆ హాల్లో గ్యాస్ లేదు. ఏసీ చల్లదనం, ఫినాయిల్ వాసన తప్ప ఏమీ లేవు.

అద్దాల గదిలోంచి చూస్తున్న డాక్టర్ నిరుపమ కళ్ళు మెరిశాయి.

"వెళ్ళింది" అంది తనలో తాను. "ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి వెళ్ళింది!"

ఇప్పుడు దర్శకుడు కామేశం కట్ చెప్పాలి. చెప్పలేదు. చెప్పకపోగా చెప్పులు విడిచి, సెట్టు దగ్గరికి నడిచి, "గౌరీ, అయిపోయిందమ్మా. కళ్ళు తెరువు. నవ్వు" అన్నాడు.

శవం కళ్ళు తెరిచింది. కెమెరా వైపు చూసి నవ్వింది. ఎడమ పెదవి కొస ముందు లేచి, కుడి కొస కాస్త ఆలస్యంగా దాన్ని అందుకునే వంకర నవ్వు. అప్పుడు కామేశం కట్ చెప్పాడు. లైట్ బాయ్స్ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో గుమ్మడికాయ పగలగొట్టారు.

పక్క హాల్లో కూడా అందరూ నవ్వారు. కన్నీళ్ళు చెంపల మీద ఉండగానే, ఎడమ కొస ముందు లేచి, కుడి కొస తర్వాత.

నిరుపమ సెట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది.

"రికార్డింగ్ ఆపకుండా నవ్వించారేంటి? నా డేటా మొత్తం పాడైపోయింది!"

"డేటా ఇంకోసారి తీసుకోవచ్చు డాక్టర్ గారూ. ఆర్టిస్టుని ఇంకోసారి తీసుకురాలేం కదా" అన్నాడు కామేశం.

తెర మీద చచ్చిపోయిన మనిషి షాట్ కాగానే నవ్వాలని, నవ్వేదాకా కెమెరా ఆపకూడదని ఇక్కడివాళ్ళకి ఒక ఆచారం ఉంది. నవ్వకుండా లేస్తే ఆ చావు వెంటపడి ఇంటిదాకా వస్తుందని భయం. వెయ్యేళ్ళ తర్వాతి మనుషుల కథ తీస్తున్న యూనిట్‌కి వెయ్యేళ్ళ వెనకటి భయం! "మూఢనమ్మకానికి కెమెరా ఇస్తే ఇలాగే ఉంటుంది" అంది నిరుపమ. ఎవరూ పట్టించుకోలేదు. గుమ్మడికాయ ముక్కలు ఎత్తి పారబోసే పనిలో ఉన్నారు.

ఈ కథ జరిగిన నగరం పేరు కొత్తరేవు. పాత రేవుని సముద్రం మింగేశాక కొండ వాలు మీద కట్టుకున్న నగరం. కొండ మీద స్టూడియోలు, ఛానళ్ళు, లాబొరేటరీలు ఉంటాయి. కింద ఒడ్డున రొయ్యల షెడ్లు ఉంటాయి. పైవాళ్ళు కిందివాళ్ళు వలిచిన రొయ్యలు తింటారు. కిందివాళ్ళు పైవాళ్ళు తీసిన సీరియళ్ళు చూస్తారు. దీన్నే మన పాలకులు సమానత్వం అంటారు.

అన్ని సీరియళ్ళలోకీ 'వెయ్యేళ్ళ ఓడ' అంటే నగరానికి ప్రాణం. భూమిని వదిలి కొత్త గ్రహానికి బయల్దేరిన నౌక కథ అది. ఒక ఎపిసోడ్‌లో నౌకలోని యంత్రం ఒక పిల్లాడికి రోజూ కథ చెబుతుంది. పిల్లాడు పోతాడు. కథ ఆపమని యంత్రానికి ఎవరూ చెప్పరు. అది ఖాళీ పక్కకి కథ చెబుతూనే ఉంటుంది. ఇంకో ఎపిసోడ్‌లో ఒక ముసలామెకి భూమి మీంచి తల్లి పంపిన సందేశం అందుతుంది. అంత దూరం ప్రయాణించి వచ్చేసరికి, తెర మీద మాట్లాడుతున్న తల్లి కంటే వింటున్న కూతురు పెద్దదైపోయి ఉంటుంది. "నువ్వింకా చిన్నపిల్లవే అమ్మా" అని కూతురే తల్లికి ధైర్యం చెబుతుంది. ఆ శుక్రవారం సాయంత్రం కొత్తరేవులో బస్సులు ఆగిపోయాయి. టీ కొట్ల ముందు మగాళ్ళు ముఖాలు దాచుకుని ఏడ్చారు.

లేని గ్రహాల మీది మనుషుల కోసం అంతగా ఏడ్చిన నగరం, కొండ కింద కంపు కొట్టే వీధిలోకి ఒక్కసారి కూడా దిగలేదు. చరిత్ర క్షమించదంటారు. చరిత్ర సంగతి నాకు తెలియదు. నేనైతే క్షమించను.

నిరుపమ కూడా క్షమించలేదు. అందుకే ఆ పట్టీ కనిపెట్టింది. దానికి 'తోడు' అని పేరు పెట్టింది. దుఃఖం ముందు ఒంట్లో పుడుతుంది, తర్వాతే మనసుకి తెలుస్తుంది. గొంతు బిగుసుకుంటుంది. పక్కటెముకల కింద బరువు దిగుతుంది. అరచేతులు చల్లబడతాయి. ఈ మార్పులన్నిటినీ మెదడుకి మోసే నరం ఒకటి చెవి పక్కనుంచే పోతుంది. నటి చెవి వెనక ఉన్న పట్టీ ఆ నరాన్ని చదివి సిగ్నల్‌గా మారుస్తుంది. చూసేవాళ్ళ పట్టీ ఆ సిగ్నల్‌ని వాళ్ళ నరానికి అందిస్తుంది. ఆలోచనలు రావు, జ్ఞాపకాలు రావు. బరువు, దాని వెంట ఒంటి కదలిక, ఆ రెండే వస్తాయి. జ్వరాన్ని కొలిచే యంత్రాలు లోకంలో చాలా ఉన్నాయి. పక్కవాడి జ్వరాన్ని మనకి తెప్పించే యంత్రం ఇదే మొదటిది.

ఆమె లాబ్ తలుపు మీద ఎర్ర అక్షరాలతో 'పరాయి నొప్పి అంటూ లేదు' అని రాసి ఉండేది. మనిషి నొప్పి మనిషి ఒంటికి తెలిస్తే అన్యాయం ఒక్క పూట కూడా నిలవదని ఆమె నమ్మకం. ఆమె మాత్రం ఆ పట్టీ ఎప్పుడూ పెట్టుకోలేదు. కొలిచేవాళ్ళు కొలతలో కలవకూడదని నియమం పెట్టుకుంది.

ధరణిగా చనిపోయిన గౌరీశ్వరిది ఒడ్డు వీధే. ఆ సాయంత్రం మేకప్ కడుక్కుని కొండ దిగి ఇంటికొచ్చేసరికి అక్క నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. నూకరత్నం రొయ్యల షెడ్డులో, ఫ్రీజింగ్ గదిలో పని చేస్తుంది. తల్లి పోయాక గౌరిని పెంచింది ఆమే.

"నవ్వీసే వొచ్చావా?"

"నవ్వానే అక్కా. ఆ డాక్టరమ్మ నా మీద మండిపడింది కూడాను."

"పడితే పడనీ. సచ్చిన షాటు సేసి నవ్వకండా వొస్తే నాను తలుపు తియ్యను. ముందే సెప్తన్నాను."

చెల్లెలు లోపలికొచ్చి అక్క చేతులు పట్టుకుంది. పొద్దుటి నుంచి ఐసులో నానిన చేతులు. వేళ్ళ కొసలు తెల్లగా, తోలు ముడతలు పడి ఉన్నాయి.

"మీ గ్యాస్ అలారం బాగు చేశారా?"

"సేస్తారట. మేనేజరు గారి కూతురి పెళ్ళయ్యాక అన్నారు. పెళ్ళయిపోనాది. ఇప్పుడు మనవడు పుట్టాకట." నూకరత్నం నవ్వింది. ఎడమ కొస ముందు లేచే ఆ వంకర నవ్వు ఆమె నుంచే చెల్లెలికి వచ్చింది. "ఆ బాబు ఎప్పుడు పుడతాడో, మా అలారం ఎప్పుడు మోగతాదో."

ధరణి ఎపిసోడ్ పుట్టింది ఈ అలారం నుంచే. షెడ్డులో రొయ్యల్ని గడ్డకట్టించడానికి అమ్మోనియా వాడతారు. పైపు కారితే అరవాల్సిన అలారం ఎప్పుడో మూగబోయింది. తలుపు లోపలి గడియ బిగుసుకుపోయి, బయటి నుంచి తోస్తే గానీ తెరుచుకోదు. గౌరి ఈ సంగతులన్నీ కామేశానికి చెప్పింది. అతను షెడ్డుని నౌకలోకి ఎక్కించాడు.

"ఈ ఎపిసోడ్ రానీ అక్కా. నీ చేతుల చల్లదనం, నీ భయం, అన్నీ అందరి ఒంట్లోకీ వెళ్తాయి. ఊరంతా మీ షెడ్డు ముందుకొస్తుంది. అలారం కాదు, మేనేజర్నే మార్పిస్తారు."

"వొస్తారేటి? మా కంపుకి?"

"వస్తారు."

నూకరత్నం పులుసు గిన్నె దించుతూ అడిగింది. "అవునే, సచ్చిపోయినట్టు సెయ్యాలంటే ఏటి తలుసుకుంటావు?"

"నీ చేతులు."

"మరి నవ్వడానికో?"

"నువ్వు తలుపు తీస్తావు కదా. అది."

"సాల్లే, తిను" అంది అక్క. కానీ ముఖం పక్కకి తిప్పుకుంది.

మర్నాడు నిరుపమ అదే దృశ్యాన్ని నవ్వు కత్తిరించి, అదే మనుషులకి మళ్ళీ చూపించింది. ఈసారి వాళ్ళు ఏడ్చి లేవలేకపోయారు. బరువు దిగలేదు. ఆటో డ్రైవర్ బండి రోడ్డు మధ్యలో ఆపి హ్యాండిల్ మీద తల పెట్టుకున్నాడు. లెక్కల మాస్టారుకి అన్నం సయించలేదు. ఒంట్లో అంత బరువు పెట్టుకుని ఎవరు మాత్రం ఊరుకుంటారు? ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుని కలుసుకున్నారు. ఈ ఊళ్ళో ఇలాంటి గదులు ఎక్కడున్నాయని వాకబు చేశారు. కొండ దిగి రొయ్యల షెడ్డు గేటు ముందుకెళ్ళి నిలబడ్డారు.

"అలారం చూపించండి" అన్నాడు మాస్టారు వాచ్‌మన్‌తో.

"మీరెవరండీ?"

"నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఇతను ఆటో నడుపుతాడు. అలారం మోగించి వినిపించండి, వెళ్ళిపోతాం."

పాఠకులారా, ఈ చోటు గుర్తు పెట్టుకోండి. యంత్రం పని చేసింది. కొండ మీది ఇద్దరు మనుషులు, ఎవరూ పిలవకుండా, కొండ కిందికి దిగారు. ప్రపంచాన్ని మార్చడానికి అంతకంటే ఏం కావాలి?

షెడ్డు యజమాని ఛానల్‌కి ఫోన్ చేశాడు. 'వెయ్యేళ్ళ ఓడ' మధ్యలో వచ్చే రొయ్యల ప్రకటనలు ఆయనవే.

ఛానల్ సీఈఓ అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన మాట తీరు చాలా మృదువుగా ఉంటుంది.

"అద్భుతమైన యంత్రం డాక్టర్ గారూ. కానీ ప్రేక్షకుడు ఏడ్చాక లేవాలి. లేచి ప్రకటన చూడాలి, భోజనం చేయాలి, పడుకోవాలి. మీ మొదటి రికార్డింగ్‌లో చివర నవ్వు ఉందట కదా? జనం తేలిగ్గా లేచారట?"

"అది పొరపాటున పడింది" అంది నిరుపమ.

"ఆ పొరపాటుంటే కొత్తరేవులో ప్రతి ఇంటికీ ఉచితంగా పట్టీ ఇస్తాం. లేకపోతే ఒక్క ఇంటికీ లేదు."

గౌరి లేచి నిలబడింది. "మేడం, వాళ్ళు షెడ్డుకెళ్ళారు! బరువు దిగలేదు కాబట్టే వెళ్ళారు. నవ్వు పెడితే ఎవరెళ్తారు?"

నిరుపమ బల్ల మీది పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత, "ముందు ప్రతి ఇంట్లోకీ వెళ్ళనీ గౌరీ. జనానికి అలవాటయ్యాక నవ్వు తీసేద్దాం" అంది.

"అది నా నవ్వు మేడం. మా అక్క కోసం నవ్వింది."

కామేశం గౌరి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "మంచిదే కదమ్మా. ఇంటింటికీ చావు పంపిస్తున్నాం. నవ్వు లేకుండా పంపితే పాపం కాదూ?"

ఆచారం, వ్యాపారం, ఆశయం ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే మాట మీదికొచ్చారు. మన దేశంలో ఇలాంటి ఏకాభిప్రాయం దేనికి కుదిరినా జనం భయపడాలి. ముందు విస్తరణ, తర్వాత విప్లవం! ఈ ముక్క చెప్పి విప్లవాన్ని పాతిపెట్టినవాళ్ళు నిరుపమకి ముందు కూడా చాలామంది ఉన్నారు.

ఎపిసోడ్ వచ్చిన శుక్రవారం నగరం మొత్తం ఒకే గొంతుతో ఊపిరాడక విలవిల్లాడింది. ఒకే చేత్తో పానాని నిమిరింది. ఒకేసారి ఆగిపోయింది. తర్వాత ఒకేసారి నవ్వింది. నవ్వి, భోంచేసి, హాయిగా పడుకుంది.

మర్నాడు గౌరి ఎక్కడికెళ్ళినా జనం కాళ్ళ మీద పడబోయారు. స్టూడియో మలుపులో బొప్పాయి ముక్కలు అమ్మే సూరమ్మ గౌరి చేతిని తన కళ్ళకి అద్దుకుంది.

"తల్లీ, మా ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను."

"షెడ్డులో నిజంగానే అలాంటి గది ఉంది సూరమ్మా. అలారం పని చెయ్యదు."

"అయ్యో, పాపం!" సూరమ్మ నిజంగానే బాధపడింది. వెంటనే ముఖం విప్పారింది. "కానీ ఆఖర్న భలే తేలికైపోయింది తల్లీ. ఎవరో వచ్చి తలుపు తీసినట్టు. అంత సుఖంగా నేనెప్పుడూ నిద్రపోలేదనుకో."

షెడ్డు ముందుకి ఎవరూ రాలేదు. మాస్టారు కూడా ఎపిసోడ్ మళ్ళీ చూశాడు, ఈసారి నవ్వుతో. పక్కటెముకల కింది బరువు దిగిపోయింది. గౌరి అలారం సంగతి అడిగితే, "ఎవరో ఒకరు చూస్తార్లే అమ్మా" అన్నాడు.

ఆ తర్వాత 'వెయ్యేళ్ళ ఓడ'లో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు చనిపోవడం మొదలుపెట్టారు. జనం అదే కోరుకున్నారు. ఏ పాత్ర చచ్చినా చివర గౌరి నవ్వే అతికించేవారు. వేరేవాళ్ళ నవ్వుతో అంత హాయి రావడంలేదట. జనం పట్టీలు తీయడం మానేశారు. పాత ఎపిసోడ్లు అందులోనే నింపుకుని, పని మధ్యలో కాసేపు ఏడ్చి, నవ్వి, మళ్ళీ పనిలో పడేవారు.

ఒకరోజు లాబ్‌లో పనిచేసే కుర్రాడి తండ్రి పోయాడని ఫోన్ వచ్చింది. కుర్రాడు కుప్పకూలి ఏడ్చాడు. కొద్దిసేపటికి అతని ఎడమ పెదవి కొస లేచింది. నిరుపమ ఉలిక్కిపడింది. చెవి వెనక చూసింది. పట్టీ లేదు.

"షాక్‌లో ఒక్కోసారి అలా జరుగుతుంది డాక్టర్ గారూ" అన్నాడు ఎపిసోడ్ పని మీద లాబ్‌కొచ్చిన కామేశం.

గంట కొట్టి అన్నం పెట్టడం అలవాటు చేస్తే, అన్నం లేకపోయినా గంటకే కుక్కకి నోరూరుతుంది. స్కూలు పిల్లలకి కూడా తెలిసిన పాఠం ఇది. నిరుపమకి తెలియకేం? కానీ ఆశయం ఉన్నవాళ్ళకి ఒక్కోసారి కళ్ళెదుటి గంట వినిపించదు. షాక్ అయ్యుంటుందనుకుంది.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం, షిఫ్టు మొదలైన కాసేపటికి షెడ్డులో పైపు పగిలింది. అలారం మోగలేదు.

అక్కడ ధరణి మేస్త్రి లేదు. ఎవరూ ఎవరి కోసమూ ప్రాణత్యాగం చేయలేదు. నిజం చావులో అంత అందం ఉండదు. ఫ్రీజింగ్ గదిలో ఉన్న ఆడవాళ్ళు తలుపు దగ్గరికి పరుగెత్తారు. గడియ కదల్లేదు. తలుపు బాదారు. బయట మోటార్ల హోరులో ఎవరికీ వినబడలేదు. తలుపు తీసేసరికి అందరికంటే ముందు, తలుపుకి ఆనుకుని, నూకరత్నం పడి ఉంది. తోసీ తోసీ అరచేతులు చీరుకుపోయాయి.

గౌరి వచ్చేసరికి అక్కను నేల మీద పడుకోబెట్టారు. ఆమె అక్క చేతులు పట్టుకుంది. ఎప్పటిలా చల్లగానే ఉన్నాయి. ఆ చల్లదనానికి అలవాటుపడిన గౌరికి, అక్క పోయిందని నమ్మడానికి చాలాసేపు పట్టింది.

యూనియన్ నాయకుడు అసిరయ్య శవాలను గేటు ముందే ఉంచుదామన్నాడు. యజమాని బయటికొచ్చి సమాధానం చెప్పేదాకా ఎత్తొద్దన్నాడు. "మనం పాతికమందిమే అయితే పోలీసులు ఎత్తుకుపోతారు. ఊరు రావాలి. నువ్వు పిలిస్తే వస్తారమ్మా గౌరీ."

గౌరి ఫోన్ కెమెరా ముందు నిలబడి, మేకప్ లేని ముఖంతో ఊరందరినీ పిలిచింది. "మీరు ధరణి కోసం ఏడ్చారు. ఆ ధరణి మా అక్కే. ఒక్కసారి కొండ దిగి రండి."

నగరం వచ్చింది.

అవును, వచ్చింది! మధ్యాహ్నానికల్లా కొండ దారులన్నీ జనంతో నిండిపోయాయి. ఆఫీసులు మూతపడ్డాయి. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, డెలివరీ కుర్రాళ్ళు, ఆటో డ్రైవర్, లెక్కల మాస్టారు, సూరమ్మ. కంపుకి ఎవరూ ముక్కు మూసుకోలేదు. షెడ్డు ప్రహరీకి లోపల యజమాని కారు స్టార్ట్ చేసి ఉంచుకున్నాడు. గేటు అవతల పోలీసులు నాలుగు వరసలు కట్టారు. ఆ జనం ఒక్కసారి ముందుకి తోస్తే నాలుగు వరసలూ నిలవవని పోలీసులకి కూడా తెలుసు.

"చంపినవాడు బయటికి రావాలి!" అసిరయ్య పిడికిలి ఎత్తాడు.

"రావాలి!" సముద్రం కూడా చిన్నబోయింది.

"సమాధానం చెప్పాలి!"

"చెప్పాలి!"

ముందు వరస శవాల దగ్గరికి వచ్చింది. గౌరి అక్క తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చీరుకుపోయిన ఆ అరచేతుల్ని అందరికీ కనబడేలా పైకి తిప్పి ఉంచింది. ముందు వరస చూసింది. గొంతులు బిగుసుకున్నాయి. కన్నీళ్ళు జలజలా రాలాయి. ఒకామె రొమ్ము బాదుకుంది. ఏడుపు ముందు వరస నుంచి వెనక్కి, వెనక వరస నుంచి కొండ దారి మీదికి పాకింది.

ఇన్నాళ్ళకి నిరుపమ కూడా కొండ దిగింది. జనంలో నిలబడి ఏడుస్తూ అనుకుంది. 'వెళ్ళింది. ఆలస్యంగానైనా వెళ్ళింది.'

అప్పుడు ముందు వరసలో ఎవరి పెదవో కదిలింది.

ఎడమ కొస ముందు లేచింది. కుడి కొస తర్వాత అందుకుంది. పక్కామె పెదవి కూడా. ఆ పక్కన మాస్టారు పెదవి. చెంపల మీద కన్నీళ్ళు ఆరనే లేదు. శవాల మీద వాలిన ముఖాలన్నీ మెల్లగా, హాయిగా, ఒక్కలాగే నవ్వుతున్నాయి.

గౌరి తలెత్తింది. ఎటు చూసినా తన నవ్వే. తనది కూడా కాదు, అక్కది. తలుపు తీసి నిలబడినప్పటి అక్క నవ్వు. చచ్చిపోయిన అక్క ముఖం మీద తప్ప ఊరందరి ముఖాల మీదా ఉంది.

"నవ్వకండి!" అని అరిచింది గౌరి. "మా అక్క చచ్చిపోయింది! నవ్వకండి!"

ముందున్నామె భయంతో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చేతుల వెనక నుంచే, "నేను నవ్వట్లేదమ్మా... అదే వస్తోంది" అంది. ఆమె కళ్ళలో ఉన్నది నవ్వు కాదు, భయం. కొందరు చెంపలు వాయించుకున్నారు. కొందరు పెదవులు పంటితో కొరుక్కున్నారు. కానీ ఒళ్ళు తన పాఠం తాను మరవలేదు. పక్కటెముకల కింది బరువు దిగిపోయింది. గొంతు బిగువు సడలింది. భయం కూడా ఎక్కువసేపు నిలవలేదు. చేతులు మెల్లగా కిందికి వాలాయి.

"సమాధానం చెప్పాలి!" అసిరయ్య గొంతు పగిలేలా అరిచాడు.

"చెప్పాలి..." అన్నారు జనం. పడుకోబోయే పిల్లలు అమ్మ అడిగినదానికి ఊకొట్టినట్టు.

"ఏటర్రా! ఏటైంది మీకు? మనుషులు కాదేటి మీరు?"

మనుషులే. రాళ్ళయితే ఇంత బాధ లేకపోను. వెనక వరసలు అప్పటికే మళ్ళుతున్నాయి. ఎవరో ఆవలించారు. ఎవరో పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలన్నారు. మాస్టారు వంగి నూకరత్నం పాదాలకి దణ్ణం పెట్టి, "ఎవరో ఒకరు చూస్తార్లే అమ్మా" అని గౌరి తల నిమిరి వెళ్ళిపోయాడు. పోలీసులు వరసలు సడలించి నీళ్ళ బాటిళ్ళు తెరుచుకున్నారు. గేటు లోపల కారు ఇంజన్ ఆగింది. యజమాని ఇక పారిపోవాల్సిన అవసరం లేదు.

నిరుపమ వచ్చి గౌరి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"తీసెయ్యండి దాన్ని" అంది గౌరి. "మీరు పెట్టిందే కదా. వాళ్ళ ఒంట్లోంచి తీసెయ్యండి."

"పట్టీలో ఉంటే తీసేదాన్ని గౌరీ." నిరుపమ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడది పట్టీలో లేదు."

ఆ వాడలో ఏడుస్తున్నది ఇప్పుడు కొద్దిమందే. షెడ్డులో పనిచేసి, పట్టీ పెట్టుకునే తీరిక లేని ఆడవాళ్ళు, గౌరి, అసిరయ్య, నిరుపమ. వెళ్ళిపోతున్నవాళ్ళు నిరుపమని వింతగా చూశారు. చదువుకున్న మనిషి, పెద్ద డాక్టరు, ఇంతసేపటికీ తేరుకోలేకపోతోందే, ఒంట్లో ఏమైనా బాగాలేదా అన్నట్టు చూశారు. కొందరి చూపులో జాలి కూడా ఉంది.

ఇంటికి మళ్ళిన సూరమ్మ ఆగింది. వెనక్కి వచ్చింది. నిరుపమ పక్కన కూర్చుని, కొంగుతో ఆమె ముఖం తుడిచింది. బిడ్డకి జ్వరమొస్తే తల్లి చేసే పనే అది. తన చెవి వెనక ఉన్న పట్టీ ఊడదీసి, దాన్ని కూడా కొంగుకి తుడిచి, నిరుపమ జుట్టు పక్కకి తప్పించి చెవి వెనక అంటించింది.

"ధరణి ఎపిసోడే ఉంది ఇందులో. కాసేపు ఓర్చుకో తల్లీ. ఆఖర్న తేలికైపోతుంది."

నిరుపమ దాన్ని పీకేయడానికి చెయ్యి ఎత్తింది. గౌరి చూస్తూనే ఉంది. ఎత్తిన చెయ్యి చెవి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత మెల్లగా దిగి, ఒళ్ళో లేని పానాని నిమరడం మొదలుపెట్టింది. నిమిరి, నిమిరి, ఆగిపోయింది.

నిరుపమ పెదవి ఎడమ కొస ముందు లేచింది.